జీడిపప్పు పడని బిడ్డను పలాసలో పెంచడం ఎలా?

పలాసలో ఎవరింటికి వెళ్ళినా చేతిలో పెట్టేది జీడిపప్పే. పెళ్ళి పిలుపుకు వచ్చినవారికీ, పరీక్ష పాసైన పిల్లవాడికీ, తిరిగి ఊరు వెళ్తున్న అల్లుడికీ అదే. అటువంటి ఊళ్ళో మా అమ్మాయికి మూడో ఏట జీడిపప్పు పడదని తెలిసింది. రెండు చెంచాల పాయసం తిన్న పది నిమిషాలకు పెదవులు ఉబ్బాయి, వీపంతా దద్దుర్లు లేచాయి. వాంతి చేసుకుని నా భుజం మీద వాలిపోయింది. దిష్టి తగిలిందేమోనని ఉప్పు తిప్పుతూ పావుగంట పోగొట్టుకున్నాం. అంత విలువైన పావుగంట ఇంకే ఇంట్లోనూ పోకూడదని ఇది రాస్తున్నాను.

1. అది అలర్జీయేనా అని ముందు తేల్చుకోండి

మనకు 'పడదు' అన్న ఒక్క మాటతో ఎన్నో పనులు జరిగిపోతాయి. వంకాయ తింటే దురద, పాలు తాగితే కడుపు ఉబ్బరం, కాకరకాయ అంటే అయిష్టం, అన్నీ పడకపోవడమే. అలర్జీ వీటన్నిటికంటే వేరు. ఆహారంలోని ప్రోటీన్‌ను శరీరం శత్రువుగా పొరబడి, ఐజీఈ అనే ప్రతిరక్షకాలతో ఎదుర్కోవడం వల్ల అది వస్తుంది. సాధారణంగా తిన్న నిమిషాల్లోనే, లేదా రెండు గంటల లోపు బయటపడుతుంది. పాలలోని లాక్టోజ్ అనే చక్కెర అరగకపోతే కడుపునొప్పితో పోతుంది. అలర్జీ ప్రాణం మీదికి తేగలదు.

ఏమి తిన్నది, ఎంత తిన్నది, ఎన్ని నిమిషాలకు ఏమి జరిగింది, ఇవన్నీ ఆ రోజే కాగితం మీద రాయండి. దద్దుర్లకు ఫోనులో ఫోటో తీయండి, ఎందుకంటే వైద్యుడి దగ్గరకు చేరేసరికి అవి మాయమవుతాయి. తర్వాత పిల్లల వైద్యుడి సలహాతో అలర్జీ నిపుణుల దగ్గరకు వెళ్ళండి. ఇందుకు మనవైపు నుంచి విశాఖ వెళ్ళవలసి రావచ్చు. చర్మం మీద చేసే పరీక్షకు ముందు కొన్ని రోజులు సెటిరిజిన్ వంటి దురద మందులు ఆపాలి. ఎన్నిరోజులో ముందే అడిగి తెలుసుకోండి.

ఇక్కడ మేము చేసిన పొరపాటు చెప్పాలి. మొదట ఒక ల్యాబులో రక్తపరీక్ష చేయించాం. గోధుమ, గుడ్డు, కందిపప్పు, వేరుశనగ అంటూ పొడవాటి జాబితా ఇచ్చారు. భయపడి అన్నీ మాన్పించాం. రెండు నెలలు బిడ్డ అన్నం, మజ్జిగ మీదే బతికింది, బుగ్గలు పీక్కుపోయాయి. తర్వాత చూసిన నిపుణుడు ఆ కాగితం పక్కన పెట్టి, "ఇంతకుముందు గుడ్డు తింటే ఏమైనా అయిందా?" అని అడిగారు. ఏమీ కాలేదు. పరీక్షలో పాజిటివ్ రావడం వేరు, తింటే ఒంటికి పడకపోవడం వేరు. తిని హాయిగా ఉన్న పదార్థాన్ని కేవలం పరీక్ష చూసి మాన్పించకండి. ఐజీజీ అనే వేరే రకం ప్రతిరక్షకాల పేరుతో చేసే పరీక్షలు ఆహార అలర్జీని నిర్ధారించలేవు, వాటికి డబ్బు పోయవద్దు.

మరొక సంగతి. జీడిపిక్కలు కొట్టేవారి చేతులు పెంకులోని నూనె వల్ల కాలి నల్లబడతాయి. అది పప్పు తింటే వచ్చే అలర్జీ కాదు.

2. వంటగదిని సర్దుకోండి

చాలామంది పొరబడేది ఇక్కడే. "పలుకులు ఏరేసి పెట్టాంలే" అంటారు. పాయసంలోకి జీడిపప్పు ఎలా వెళ్తుందో ఒకసారి చూడండి. గరిటెడు నెయ్యి కాగాక పలుకులు వేసి, ఎర్రబడగానే నెయ్యితో సహా గిన్నెలోకి వంచుతాం. పలుకులు ఏరేసినా ఆ నెయ్యి పాయసమంతా పరుచుకునే ఉంటుంది. అలర్జీ కలిగించే ప్రోటీన్ అందులోనూ ఉంటుంది, వేయించినంత మాత్రాన పోదు. ఉప్మా, పులిహోర, చక్కెర పొంగలి పోపులన్నిటికీ ఇదే మాట. జీడిపప్పు పకోడీ వేసిన నూనెలో తర్వాత ఉల్లిపాయ పకోడీ వేసినా అంతే.

మేము ఇంట్లో జీడిపప్పు పూర్తిగా మానేశాం. అలా కుదరని ఇళ్ళలో, ముఖ్యంగా జీడి పని మీదే బతికే ఇళ్ళలో, బిడ్డకు వేరే మూకుడు, వేరే గరిటె, వేరే నేతిగిన్నె పెట్టండి. బిడ్డ వంట ముందు చేసి మూతపెట్టి, తర్వాత మిగతావారిది చేయండి. పరిశ్రమ నుంచి వచ్చినవారు చేతులు సబ్బుతో కడుక్కుని, బట్టలు మార్చుకుని బిడ్డను ఎత్తుకోవాలి. శానిటైజర్ రాసుకుంటే క్రిములు చస్తాయేమో గానీ జీడిపప్పు అంశం చేతినుంచి పోదు.

పిస్తాపప్పు జీడిపప్పుకు అతి దగ్గరి బంధువు. ఒకటి పడనివారికి చాలావరకు రెండోదీ పడదు. ఐస్‌క్రీమ్, కుల్ఫీ, బాదంపాల పొడి కొనేటప్పుడు దీన్ని గుర్తుంచుకోండి. మామిడి కూడా ఆ కుటుంబానిదే అయినా, దాని గుజ్జు చాలామంది పిల్లలకు ఇబ్బంది చేయదు. వైద్యుడు చెప్పనిదే వేసవిలో బిడ్డకు మామిడిపండు దూరం చేయకండి.

జీడిపప్పు లేకపోతే పండగ వంటకు కళ రాదనుకోవద్దు. ఉద్దానం కొబ్బరిని సన్నగా తరిగి నేతిలో దోరగా వేయించి పాయసంలో వేసి చూడండి. మా ఇంటికి వచ్చినవారు మారు అడిగి తింటారు.

3. చుట్టూ ఉన్నవారికి చెప్పండి, మెత్తగా కాదు

"పలాస పిల్లకు జీడిపప్పు పడకపోవడమేమిటి?" అన్నారు మా అత్తగారు. నామీద కోపంతో కాదు, నిజంగా నమ్మలేకపోయారు. "కొంచెం కొంచెం పెడితే అలవాటవుతుంది" అన్నది ఆవిడ ఆలోచన. నేను ఎంత చెప్పినా ఫలితం లేకపోయింది. రెండోసారి ఆసుపత్రికి ఆవిడను వెంట తీసుకువెళ్ళాను. ఆ మాట ఆవిడే వైద్యుణ్ణి అడిగారు. కొంచెం కొంచెం అలవాటు చేసే చికిత్స ఒకటి ఉన్నా, అది ఆసుపత్రిలో నిపుణుల కళ్ళ ముందు మొదలుపెట్టవలసిందే తప్ప ఇంట్లో చేసే ప్రయత్నం కాదని ఆయన ఓపికగా చెప్పారు. ఆ రోజు నుంచి ఎవరు మిఠాయి డబ్బా తెచ్చినా, మూత తీయకముందే అడిగేది మా అత్తగారే. పెద్దవారిని కాదని గెలవలేం, వారిని కలుపుకుని వెళ్ళాలి.

ఇతరులతో మాట్లాడేటప్పుడు 'పడదు' అని ఆపేయకండి. ఆ మాట విని ఎవరూ జాగ్రత్తపడరు. "తింటే గొంతు వాచి ఊపిరి ఆడదు, ఒక్క పలుకైనా పెట్టకండి" అని చెప్పండి.

బడికి ఒక కాగితం రాసి ఇవ్వండి. బిడ్డ ఫోటో, ఏది తినకూడదు, లక్షణాలు ఎలా ఉంటాయి, మొదట ఏమి చేయాలి, మన ఫోను నంబర్లు, 108. ఒక ప్రతి టీచరుకు, ఒకటి బడిలో వంట చేసేవారికి, ఒకటి ఆటో నడిపే అతనికి. మీ బిడ్డకు పడనిది వేరుశనగ గానీ గుడ్డు గానీ అయితే ప్రభుత్వ బడిలో మరింత జాగ్రత్త అవసరం, మధ్యాహ్న భోజనంలో గుడ్డు, చిక్కీ ఉంటాయి. తోటిపిల్లల పుట్టినరోజులకు పంచే చాక్లెట్లు మా అమ్మాయి ఇంటికి తెస్తుంది. దానికి బదులు తన డబ్బాలోంచి తనకు నచ్చినది తీసుకుంటుంది.

4. గుడి, పెళ్ళి, హోటలు

రథసప్తమికి అరసవల్లి వెళ్ళినా, సిరిమానోత్సవానికి విజయనగరం వెళ్ళినా మా అమ్మాయి తిండి మా సంచిలోనే ఉంటుంది. ప్రసాదం ఇస్తే కాదనదు. కళ్ళకు అద్దుకుని నాన్న చేతిలో పెడుతుంది. పెళ్ళిళ్ళలో కుర్మా, పనీర్ కూర, బిర్యానీలకు జీడిపప్పు ముద్ద వాడతారు, కంటికి కనిపించదు. వడ్డించేవారిని కాదు, వంట మేస్త్రిని అడగండి.

ప్యాకెట్ల మీద అలర్జీ పదార్థాలు రాయాలని ఆహార భద్రత సంస్థ 2020 నిబంధనలు చెబుతున్నాయి. పాలు, గుడ్డు, చేప, రొయ్య జాతి, వేరుశనగ, జీడిపప్పు వంటి గింజపప్పులు, సోయా, గోధుమ వంటి ధాన్యాలు ఆ జాబితాలో ఉన్నాయి. 'ఉండవచ్చు' అని రాసి ఉన్నా కొనకండి. విడిగా తూచి ఇచ్చే మిఠాయికి, మిక్చర్‌కు ఏ చీటీ ఉండదు కనుక మేము అసలు కొనం.

5. పొరపాటున తింటే

దద్దుర్లు మాత్రమే ఉంటే వైద్యుడు రాసిన దురద మందు వేసి, కళ్ళు తిప్పకుండా చూడండి. దద్దుర్లతో పాటు వాంతులు, గొంతు బొంగురుపోవడం, ఆగని దగ్గు, పిల్లికూతలు, తల తిరగడం, మత్తుగా వాలిపోవడం, వీటిలో ఏది కనిపించినా అది అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అలర్జీ. కొందరిలో దద్దుర్లే ఉండవు, నేరుగా ఊపిరి ఇబ్బంది మొదలవుతుంది.

దీనికి మందు అడ్రినలిన్ సూదిమందు ఒక్కటే. తొడ బయటివైపు మధ్యభాగంలో కండకు వేస్తారు. మోతాదు కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము, అంటే 20 కిలోల బిడ్డకు 0.2 మిల్లీగ్రాములు. ఇంట్లో ఉంచుకోవచ్చా, ఎలా వేయాలి అన్నది మీ వైద్యుడి దగ్గర చేతితో చేసి నేర్చుకోండి, రాయించుకోండి. సెటిరిజిన్ దీనికి బదులు కాదు. అది దురద తగ్గిస్తుంది, ఊపిరిని కాపాడలేదు.

108కి ఫోను చేయండి, లేదా దగ్గరి ఆసుపత్రికి వెళ్ళండి. పేరున్న ఆసుపత్రి కోసం దూరం వెళ్ళవద్దు. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తుగా ఉంచండి. ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టండి, వాంతి వస్తే పక్కకు తిప్పండి. లేపి నడిపించకూడదు. తగ్గినట్టు కనిపించినా వెంటనే ఇంటికి తీసుకురావద్దు, కొందరిలో కొన్ని గంటలకు మళ్ళీ వస్తుంది.

6. తిండి తగ్గకుండా చూసుకోండి

జీడిపప్పు మానితే పోషణకు లోటేమీ లేదు. పాలు పడని బిడ్డ విషయం వేరు. ఆవుపాలు పడనివారికి గేదెపాలు, మేకపాలు కూడా సాధారణంగా పడవు, వాటితో ప్రయోగాలు వద్దు. వంద గ్రాముల చోడిపిండి (రాగిపిండి)లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది కనుక చోడి అంబలి మనకు పెద్ద అండ. అయినా ఏడాదిలోపు శిశువుకు పాలకు బదులు ఏమి ఇవ్వాలో వైద్యుడే చెప్పాలి.

తర్వాత పుట్టిన బిడ్డకు భయంతో ఇలాంటి ఆహారాలన్నీ ఆలస్యం చేయకండి. బ్రిటన్‌లో జరిగి 2015లో వెలువడిన లీప్ అధ్యయనంలో, అలర్జీ ముప్పు ఎక్కువగా ఉన్న 640 మంది శిశువులను తీసుకున్నారు. మొదటి ఏడాదిలోనే వేరుశనగ తినడం మొదలుపెట్టిన వారిలో ఐదేళ్ళకు ఆ అలర్జీ సుమారు 80 శాతం తక్కువగా కనిపించింది. ఎప్పుడు, ఎలా మొదలుపెట్టాలో వైద్యుణ్ణి అడగండి. పసివారికి గింజలు గింజలుగా మాత్రం పెట్టకండి, గొంతుకు అడ్డం పడతాయి.

పాలు, గుడ్డు అలర్జీలు పెరిగేకొద్దీ చాలామందికి తగ్గిపోతాయి. జీడిపప్పుది అంత తేలికగా పోదు. అందుకే ఏడాదికోసారి వైద్యుడికి చూపించండి, ఆస్తమా ఉంటే అదుపులో ఉందో లేదో కూడా చూపించుకోండి. మేము ప్రతి పుట్టినరోజుకు ముందు అమ్మాయిని బరువు తూచి, ఆసుపత్రిలో సూదిమందు మోతాదు సరిచేయించుకుని, బడి కాగితాలన్నీ మార్చి రాస్తాం. ఈసారి తొమ్మిదో పుట్టినరోజు, 26 కిలోలు. ఆ అంకె తానే రాసింది.