నిరాశపరిచిన కామిక్ సినిమాలో లోపాన్ని పట్టుకోవడం ఎలా

ఇష్టపడి చదివిన కామిక్‌ను తెరపై చూసి ఉసూరుమంటూ బయటికి వచ్చినవారు ముందుగా అనే మాట "కథంతా మార్చేశారు" అని. అంతటితో ఆగకుండా, సినిమా సరిగ్గా ఎక్కడ దారి తప్పిందో చూపగలిగినప్పుడే విమర్శకు బలం వస్తుంది. నలుగురు వీరుల కామిక్ ఆధారంగా 2015లో వచ్చిన 'ఫెంటాస్టిక్ ఫోర్' సినిమా ఇందుకు మంచి ఉదాహరణ.

ముందుగా మూల కామిక్ తొలి సంచిక చదవండి. రచయిత స్టాన్ లీ, చిత్రకారుడు జాక్ కర్బీ 1961లో మొదలుపెట్టిన ఈ కథలో శాస్త్రవేత్త రీడ్, అతని స్నేహితుడు బెన్, రీడ్ ప్రేయసి సూ, ఆమె తమ్ముడు జానీ అంతరిక్షానికి బయలుదేరతారు. అక్కడి కాస్మిక్ కిరణాల వల్ల ముప్పుందని బెన్ ముందే హెచ్చరిస్తాడు. నువ్వు పిరికివాడివనుకోలేదని సూ అనేసరికి పౌరుషం వచ్చి రాకెట్ నడపడానికి ఒప్పుకుంటాడు. నలుగురూ కలిసే వెళ్తారు, ఆ కిరణాలు తాకి కలిసే వింత శక్తులున్నవారుగా మారిపోతారు, పోట్లాడుకుంటారు, చివరకు చేయి మీద చేయి వేసి ఒక్కటవుతారు. చదవడం పూర్తికాగానే కథకు ప్రాణం ఏమిటో ఒక్క వాక్యంలో రాసి పెట్టుకోండి. నేను రాసుకున్నది: ఒకరివల్ల ఒకరు నష్టపోయినా విడిపోలేని కుటుంబం.

ఆ వాక్యాన్ని పక్కన ఉంచుకుని సినిమా చూస్తే, ఏ మార్పు హాని చేసిందో, ఏది చేయలేదో తేలిపోతుంది. రాకెట్‌కు బదులు మరో లోకానికి పంపే యంత్రాన్ని పెట్టడం వల్ల నష్టమేమీ లేదు. ఆ ప్రయాణంలో సూ లేకపోవడం మాత్రం నష్టమే, ఎందుకంటే నలుగురినీ కలిపే అనుభవమే తెగిపోయింది. నన్ను అన్నిటికంటే బాధపెట్టింది బెన్ మాట. "ఇట్స్ క్లాబరింగ్ టైమ్" (చితకబాదే సమయం వచ్చింది) అనేది కామిక్‌లో అతను హుషారుగా పోరులోకి దూకుతూ వేసే కేక. సినిమాలో అదే మాటను బెన్ చిన్నతనంలో అతని సొంత అన్నయ్య అతన్ని కొడుతూ అంటాడు.

తర్వాత, కథలో ఏ దృశ్యం ఉండి తీరాలో, అది ఎక్కడ ఎగిరిపోయిందో వెతకండి. ప్రమాదం తర్వాత రీడ్ తన స్నేహితుడు బెన్‌ను వదిలి పారిపోగానే "ఒక సంవత్సరం తర్వాత" అని తెరపై పడుతుంది. ఆ ఏడాదిలో బెన్ పడిన ఒంటరితనం, రీడ్‌పై పెరిగిన కోపం, రాతి శరీరంతో సైన్యం చెప్పిన పనులు చేయవలసి రావడం, ఇవన్నీ దాదాపు ఆ ఒక్క అక్షరాల పట్టీ కిందే కప్పబడిపోయాయి. నా దృష్టిలో సినిమా కూలిపోయింది అక్కడే.

మళ్లీ చిత్రీకరించిన జాడలనూ గమనించండి. అలా తర్వాత తీసిన కొన్ని సన్నివేశాల్లో సూ జుట్టు విగ్గని ఇట్టే తెలిసిపోతుంది. అయితే తప్పు ఎవరిదో తేల్చడానికి తొందరపడకండి. ఏడాది కిందట తన దగ్గర సినిమాకు ఇంతకంటే మంచి రూపం ఉండేదని దర్శకుడు జోష్ ట్రాంక్ విడుదలకు ముందు ట్విటర్‌లో రాసి, తర్వాత తొలగించారు. ఆ రూపం మన ముందు లేదు కాబట్టి విడుదలైన సినిమా మీదే తీర్పు చెప్పాలి.

ఆఖరుగా, బాగున్నదాన్ని కూడా అంతే శ్రద్ధగా రాయండి. రాళ్లుగా మారిన శరీరంతో బెన్ సాయం కోసం పిలుస్తుంటే, సాగిపోయిన చేతులతో గాలి గొట్టంలో పాకుతూ వచ్చిన రీడ్, తిరిగి వస్తానని మాటిచ్చే ఆ కొద్ది నిమిషాల్లో కామిక్‌లోని బాధ అచ్చంగా తెర మీదికి వచ్చింది.