ఓన్నాము చేవ నుంచి యాంటీఆక్సిడెంట్లు వేరుచేయడం

కొరియా సంప్రదాయ వైద్యంలో వాడే లక్క చెట్టు ఓన్నాము. ఫస్టిన్, ఫిసెటిన్, సల్ఫురెటిన్, బ్యూటెయిన్ అనే యాంటీఆక్సిడెంట్ ఫినాల్‌లు దాని పసుపు చేవలో దొరుకుతాయి. దురద పుట్టించే ఉరుషియోల్ ఎక్కువగా బెరడు, పాలలో ఉంటుంది. అందుకే బెరడు పూర్తిగా చెక్కేయాలి. నల్లజీడి రసం తగిలితే ఒళ్లు పొక్కేవాళ్లు మరీ జాగ్రత్త, రెండూ ఒకే కుటుంబం. నైట్రైల్ గ్లవ్స్, ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లను బయటికి లాగేసే గూడు) తప్పనిసరి.

100 గ్రాముల చేవ పొడిని లీటరు 80% ఇథనాల్‌లో 24 గంటలు నానబెట్టి వడకట్టండి. ఇలా మూడుసార్లు. వడకట్టినదాంట్లోని ఇథనాల్‌ను రోటరీ ఎవాపరేటర్‌లో (తక్కువ పీడనంలో ద్రావకాన్ని ఆవిరిచేసే పరికరం) తీసేయండి, 45 డిగ్రీలు దాటనివ్వొద్దు. వేడెక్కితే ఈ ఫినాల్‌లు ఆక్సీకరణం చెంది గోధుమరంగుకు తిరుగుతాయి.

మిగిలినదాన్ని 200 మి.లీ. నీటిలో కలిపి, ముందు హెక్సేన్‌తో మూడుసార్లు కడగాలి: ఉరుషియోల్, కొవ్వులు అందులోకి పోతాయి. ఈ మెట్టు దాటేయకండి. తర్వాత ఇథైల్ అసిటేట్. మనక్కావలసినవి ఇందులోకే వస్తాయి. పొరలు వేరుచేసే గరాటులో నురగ కట్టి పొరలు విడిపోకపోతే చిటికెడు ఉప్పు వేసి ఆగండి, గట్టిగా ఊపొద్దు. ఆపైన ఒక్కో పదార్థాన్ని విడదీయడానికి మిథనాల్‌తో సెఫడెక్స్ ఎల్‌హెచ్-20 (జెల్ గుళికలు) నింపిన కాలమ్ గుండా పోనివ్వాలి.

యాంటీఆక్సిడెంట్ శక్తి పరీక్షకు 0.1 మిల్లీమోలార్ డీపీపీహెచ్‌తో (యాంటీఆక్సిడెంట్ తగిలితే ఊదారంగు తగ్గే రసాయనం) చీకటిలో 30 నిమిషాలుంచి 517 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణ చదవాలి. సారానికే రంగుంది కాబట్టి డీపీపీహెచ్ లేకుండా సారం ఒక్కదానికే వచ్చే రీడింగును (బ్లాంక్) తీసివేయకపోతే ఫలితం తక్కువగా కనిపిస్తుంది. పోలికకు విటమిన్ సి చాలు.