రెండు ప్రాసెసర్లలో ఏది వేగం, ఏది పొదుపు: ఇంట్లోనే కొలిచే పద్ధతి

పెట్టె మీద రాసిన వాట్లు చూసి ఏ ప్రాసెసర్ తక్కువ కరెంటు తాగుతుందో తేల్చేయకండి. ఇంటెల్ కోర్ ఐ5-12400, ఏఎండీ రైజెన్ 5 5600 తీసుకోండి. రెండింటికీ 6 కోర్లు, 12 థ్రెడ్లు, రెండింటి మీదా 65 వాట్లే. కానీ టర్బోలో, అంటే పని పడినప్పుడు వేగం పెంచుకున్నప్పుడు, మొదటిది 117 వాట్ల దాకా లాగొచ్చు, రెండోది మదర్‌బోర్డులో ప్రాసెసర్ కూర్చునే సాకెట్ దగ్గర 76 దాకా. మదర్‌బోర్డు కంపెనీ ఆ హద్దులు ఎత్తేసి పంపితే ఈ లెక్క కూడా నిలవదు. అందుకే చూడాల్సింది ఇది: ఒకే పనికి ఏది ఎంతసేపు పట్టింది, ఆలోగా గోడ ప్లగ్గు నుంచి ఎన్ని వాట్-అవర్లు లాగింది.

ఈ రెండింటినీ పోల్చడం సులువు, ఎందుకంటే రెండూ డీడీఆర్4 ర్యామ్ మీద నడవగలవు. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, పవర్ సప్లై, గ్రాఫిక్స్ కార్డు అన్నీ అవే మార్చి మార్చి వాడండి. కూలర్ కూడా అదే ఉండాలి. బిగించే క్లిప్పులు మాత్రం రెండు సాకెట్లకూ వేరు. రైజెన్ 5 5600లో లోపల గ్రాఫిక్స్ లేదు, 12400లో ఉంది, 12400ఎఫ్‌లో లేదు. వైజాగ్ ద్వారకానగర్ షాపుల్లో కొనేటప్పుడు పేరు చివర ఎఫ్ ఉందో లేదో బిల్లులోనే చూసుకోండి. ఒకదాన్ని లోపలి గ్రాఫిక్స్‌తోనూ ఇంకోదాన్ని విడి కార్డుతోనూ కొలిస్తే మీరు కొలిచింది కార్డునే, ప్రాసెసర్‌ని కాదు.

బయాస్‌లో (మదర్‌బోర్డు సొంత సెట్టింగుల తెర) ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేసి రెండు వైపులా ర్యామ్ ఒకే వేగంతో నడిపించండి. స్టిక్కులు రెండు ఉండాలి, నాలుగు స్లాట్ల బోర్డులో సాధారణంగా రెండో, నాలుగో స్లాట్లలో. ఇంటెల్ బోర్డులో పీఎల్1 (ఎక్కువసేపు నడిచేటప్పటి వాట్ల హద్దు) 65, పీఎల్2 (టర్బోలో వాట్ల హద్దు) 117 అని చేత్తో పెట్టండి. ఏఎండీ బోర్డులో ఆ హద్దులు దాటనిచ్చే ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్ ఆపేయండి. విండోస్ పవర్ ప్లాన్ రెండింటిలోనూ బ్యాలెన్స్‌డ్. అప్‌డేట్లు ఆగాయో లేదో చూసుకోండి.

ఇక గది. వైజాగ్‌లో మే నెల మధ్యాహ్నం ఒకటీ, రాత్రి ఏసీలో ఇంకోటీ కొలిస్తే ఆ పోలిక చెల్లదు. గది ఒక డిగ్రీ వేడెక్కితే చిప్పు కూడా ఇంచుమించు ఒక డిగ్రీ పెరుగుతుంది, వేడెక్కిన చిప్పు అదే పనికి ఇంకాస్త ఎక్కువ కరెంటు తింటుంది. కూలర్ దగ్గర థర్మామీటర్ పెట్టి, రెండు పరీక్షలూ ఒకే ఉష్ణోగ్రతలో చేయండి. పోర్టు వైపు ఇళ్లలో నల్లటి దుమ్ము కూలర్ రెక్కల్లో పేరుకుంటుంది, ముందే ఊదేసుకోండి. 5600కి 90 డిగ్రీలు, 12400కి 100 డిగ్రీలు గరిష్ఠ హద్దు. చిప్పు వేడి, వేగం చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్‌లో వేడి అక్కడిదాకా వెళ్తూ క్లాక్ (చిప్పు వేగం) పడిపోతే, తప్పు కూలర్‌దో, దానికీ చిప్పుకీ మధ్య రాసే థర్మల్ పేస్టుదో అయి ఉంటుంది.

మీటర్ విషయంలోనే చాలామంది దెబ్బ తింటారు. వోల్టులూ ఆంపియర్లూ గుణించేది కాకుండా, పవర్ ఫ్యాక్టర్ లెక్కలోకి తీసుకుని అసలు వాట్లు చూపేది కొనండి. యూపీఎస్ ఉంటే మీటర్‌ని యూపీఎస్‌కీ కంప్యూటర్‌కీ మధ్య పెట్టాలి, లేదంటే బ్యాటరీ ఛార్జింగ్ కూడా లెక్కలో కలిసిపోతుంది. చౌక మీటర్లు కొన్ని 0.01 యూనిట్ దగ్గర ఆగిపోతాయి, అంటే 10 వాట్-అవర్లు. 20 వాట్-అవర్ల పనిని దాంతో ఒక్కసారి కొలిస్తే సగం దాకా తప్పు రావచ్చు. అదే పనిని పదిసార్లు వరసగా నడిపి పదితో భాగించండి. చిప్పు తనకు తాను చెప్పుకునే వాట్లు తేడా ఎక్కడుందో వెతకడానికి పనికొస్తాయి. కానీ ఇద్దరు తయారీదారుల లెక్క ఒకటి కాదు, కాబట్టి తీర్పుకి గోడ మీటరే వాడండి.

పనిగా మీరు రోజూ చేసేదే తీసుకోండి: వీడియోలు మార్చే హ్యాండ్‌బ్రేక్‌లో ఒకే వీడియో ఒకే ప్రీసెట్‌తో, లేదా 3డీ బొమ్మలు చేసే బ్లెండర్‌లో ఒకే సీన్. ప్రాసెసర్ వేగం కొలిచే సినీబెంచ్ వాడితే పది నిమిషాల పరీక్షే నడపండి. నిమిషంలో అయిపోయే పరీక్ష టర్బో బలాన్నే చూపిస్తుంది, ఆ తర్వాత వేగం తగ్గిన సంగతి చూపదు. మొదటి పరుగు వేడెక్కించడానికి, వదిలేయండి. తర్వాత వేగం తేల్చడానికి మూడు పరుగులు, మధ్య అంకె తీసుకోండి. మూడింటి మధ్య తేడా 3 శాతం దాటితే వెనకాల ఏదో ప్రోగ్రామ్ నడుస్తూ ఉండొచ్చు.

ఊహాజనిత అంకెలతో లెక్క చూడండి. ఒక ప్రాసెసర్ 120 వాట్లతో 10 నిమిషాల్లో పని ముగించింది, 20 వాట్-అవర్లు. ఇంకోటి 80 వాట్లతో 14 నిమిషాలు, దాదాపు 18.7. మిగిలింది 1.3 వాట్-అవర్లే. నాలుగు నిమిషాల ఆలస్యానికి అది ఏ మూలకి? ఇప్పుడు ఏ పనీ లేకుండా డెస్క్‌టాప్ మీద పది నిమిషాలు ఉంచి కొలవండి. అక్కడ 10 వాట్ల తేడా వస్తే, రోజుకి 8 గంటలకు 80 వాట్-అవర్లు, నెలకి 2.4 యూనిట్లు. బ్రౌజర్, ఆఫీసు పనే ఎక్కువైన ఇంట్లో ఖాళీ సమయపు అంకే పెద్దది. దాన్ని కొలవకుండా పొదుపు గురించి ఎవరేం చెప్పినా నమ్మొద్దు.

వీలైతే బయాస్‌లో రెండింటినీ 65 వాట్లకే బిగించి (ఇంటెల్‌లో పీఎల్1, పీఎల్2 రెండూ, ఏఎండీలో పీపీటీ, అంటే సాకెట్‌కి అందే వాట్ల హద్దు) ఇంకోసారి నడపండి. కంపెనీ సెట్టింగుల ప్రభావం పోయి చిప్పు సత్తా విడిగా తెలుస్తుంది.

చివరగా నెలవారీ యూనిట్ల తేడాని ఈపీడీసీఎల్ కరెంటు బిల్లులో మీ వాడకం చేరుకునే చివరి స్లాబు రేటుతో గుణించండి. అదనంగా కాలే యూనిట్లు పడేది ఆ స్లాబులోనే. ఏడాదికి ఎంతవుతుందో చూసి, రెండు ప్రాసెసర్ల ధరల తేడాని దాంతో భాగించండి. నాలుగేళ్లు దాటినా ఆ డబ్బు తిరిగి రాదని తేలితే, పొదుపు పక్కన పెట్టి వేగం చూసి కొనుక్కోవచ్చు.