డార్కెస్ట్ డంజన్‌లోకి దిగే ముందు జాగ్రత్తలు

2016లో వచ్చిన డార్కెస్ట్ డంజన్ అనే ఈ వీడియో గేమ్‌లో చనిపోయిన హీరో పోయినట్టే. గేమ్ దానంతటదే సేవ్ అవుతుంటుంది, పాత సేవ్‌కి వెళ్దామంటే కుదరదు. అందుకే ఊరు దాటకముందే ఇవి చూసుకోండి.

- తిండి, టార్చీలు కాస్త మిగిలినా పర్లేదు, చాలకపోతేనే కష్టం. ఆకలేసినప్పుడు తిండి లేకపోతే హెల్త్ తగ్గుతుంది, స్ట్రెస్ పెరుగుతుంది.

- స్ట్రెస్ ఎక్కువున్నవాణ్ణి ఈసారికి తీసుకెళ్లకుండా, అది తగ్గేలా ఊళ్లోని బారుకో, చర్చికో పంపండి. 100 దాటితే బుర్ర తిరిగి మీ మాట వినకపోవచ్చు. 200కి చేరితే గుండెపోటే.

- హెల్త్ సున్నా అయిన వెంటనే హీరో చావడు, చావు అంచున నిలబడతాడు. అక్కణ్ణుంచి తగిలే ఒక్కో దెబ్బకి బతికే అవకాశం మామూలుగా 67 శాతం. వినడానికి బాగానే ఉంటుంది కానీ, మూడింట ఒకటి పోయే లెక్క అది! పైగా రక్తం కారుతున్నా, విషం ఎక్కినా, అతని వంతు వచ్చినప్పుడు అదీ ఒక దెబ్బే. కాబట్టి బ్యాండేజీలు, విషానికి విరుగుడు తప్పనిసరి. ఒక్క పాయింట్ హీల్ చేసినా ఆ అంచు నుంచి వెనక్కొస్తాడు. వెస్టల్ లాంటి వైద్యం చేసే హీరో లేకుండా బయల్దేరడం నా దృష్టిలో మొండితనమే.

- ఎప్పుడు వెనక్కి తిరగాలో ముందే అనుకోండి. క్వెస్ట్ (వెళ్లిన పని) మధ్యలో వదిలేస్తే స్ట్రెస్ పెరుగుతుంది, టీమ్ మాత్రం మిగులుతుంది. యుద్ధం మధ్యలో పారిపోవడం ఒక్కోసారి ఫెయిలవుతుంది కూడా, చివరి నిమిషం దాకా ఆగొద్దు.