పీయూఈ దిగిరాని డేటా సెంటర్: లక్షణం, కారణం, పరిష్కారం

డేటా సెంటర్ మొత్తం వాడిన విద్యుత్తును అందులోని ఐటీ పరికరాలు వాడిన విద్యుత్తుతో భాగిస్తే వచ్చేదే పీయూఈ (పవర్ యూసేజ్ ఎఫెక్టివ్‌నెస్). 2007లో గ్రీన్ గ్రిడ్ సంస్థ ప్రచారంలోకి తెచ్చిన ఈ కొలత 2016లో ఐఎస్‌ఓ ప్రమాణంగా వెలువడింది. అది 1కి ఎంత దగ్గరగా ఉంటే అంత మేలు. గచ్చిబౌలి, మాదాపూర్ వంటి చోట్ల ఆఫీసు భవనంలోనే ఒక అంతస్తును సర్వర్లకు కేటాయించుకున్నవారికి సాధారణంగా ఎదురయ్యే చిక్కులను, వాటిని వెతకవలసిన క్రమంలోనే ఇక్కడ వివరిస్తున్నాను. కొత్త చిల్లర్ (శీతలీకరణకు నీటిని చల్లబరిచే యంత్రం) కొనే ఆలోచన వీటన్నిటి తర్వాతే రావాలని నా గట్టి అభిప్రాయం.

సమస్య: పీయూఈ నెలకొక రకంగా మారుతోంది, లేదా నమ్మలేనంత తక్కువగా ఉంది

కారణం చాలావరకు మీటర్ల దగ్గరే ఉంటుంది. ఐటీ లోడును యూపీఎస్ అవుట్‌పుట్ దగ్గర కొలిస్తే, ఆ తర్వాత పీడీయూల్లోనూ (సర్వర్లకు విద్యుత్తును పంచే పరికరాల్లోనూ) కేబుళ్లలోనూ పోయే నష్టం కూడా ఐటీ ఖాతాలోకే చేరి, పీయూఈ ఉన్నదానికన్నా మెరుగ్గా కనిపిస్తుంది. జనవరి తెల్లవారుజామున ఒక్కసారి తీసిన కిలోవాట్ల రీడింగూ ఇలాగే మభ్యపెడుతుంది. కొలిచే చోటును, వీలైతే ర్యాకులోని (సర్వర్లు అమర్చే బీరువాలోని) పీడీయూ దగ్గరే, ఖాయం చేసుకొని ఏడాది పొడవునా యూనిట్లలో లెక్కించాలి. చిల్లర్లు భవనమంతటికీ ఉమ్మడిగా ఉంటే, సర్వర్ల అంతస్తుకు వెళ్లే చల్లనీటి పైపుకు బీటీయూ మీటరు (ఆ నీరు మోసుకెళ్లే చల్లదనాన్ని కొలిచేది) బిగించి ఆ వాటాను విడదీయాలి. డీజిల్ జనరేటర్ ఇచ్చిన యూనిట్లనూ కలపాలి.

సమస్య: పాత సర్వర్లు తీసేశాక పీయూఈ పెరిగింది

ఇది లోపం కాదు. ఐటీ లోడు 400 కిలోవాట్లు, మొత్తం 720 కిలోవాట్లు ఉన్నప్పుడు పీయూఈ 1.8. వర్చువలైజేషన్‌తో (అనేక సర్వర్ల పనిని కొద్ది యంత్రాల మీదే నడపడంతో) ఐటీ లోడు 300కు, మొత్తం 600కు దిగితే పీయూఈ 2.0 అవుతుంది, బిల్లు మాత్రం తగ్గుతుంది. అందుకే నివేదికలో పీయూఈ పక్కనే మొత్తం యూనిట్లూ ఉండాలి. ఆ తర్వాత శీతలీకరణ యంత్రాలను తగ్గిన లోడుకు తగినట్టు సర్దుకోవాలి.

సమస్య: గది వణికించేంత చల్లగా ఉన్నా కొన్ని ర్యాకుల పైభాగం వేడెక్కుతోంది

పొదుపుకు ఎక్కువ అవకాశం ఇక్కడే ఉంది, అయినా చాలామంది సెట్‌పాయింటు (ఏసీకి నిర్దేశించే ఉష్ణోగ్రత) ఇంకా తగ్గించి ఖర్చు పెంచుకుంటారు. సన్నని కాగితపు పట్టీ ఒకటి తీసుకొని ర్యాకు ముందువైపు ఖాళీ స్లాటు దగ్గర పట్టుకోండి. పట్టీ మీవైపు ఊగితే వెనుకనున్న వేడిగాలి ముందుకు తిరిగివస్తున్నట్టే. తర్వాత, కిందినుంచి చల్లగాలి పంపే ఎత్తు నేలలో కేబుళ్లు దిగే రంధ్రం దగ్గర పట్టుకోండి. అక్కడ పట్టీ పైకెగిరితే, సర్వర్లను చేరవలసిన చల్లగాలి దారిలోనే పోతోందన్నమాట. ఖాళీ స్లాట్లకు బ్లాంకింగ్ ప్యానెళ్లు (మూత పలకలు), నేల రంధ్రాలకు బ్రష్ గ్రోమెట్లు (కేబుళ్ల చుట్టూ సందు మూసే కుచ్చు మూతలు) బిగించి, చిల్లుల టైళ్లను హాట్ ఐల్‌లోంచి (ర్యాకుల వెనుక వేడిగాలి వచ్చే వరుసలోంచి) తీసి కోల్డ్ ఐల్‌కు (ముందువైపు చల్లగాలి అందే వరుసకు) మార్చాలి.

ఇవి పూర్తయ్యాకే సెట్‌పాయింటును ఒక్కో డిగ్రీ పెంచుతూ, ప్రతిసారీ కొన్ని రోజులు గమనించాలి. ఏసీ ఇంజినీర్ల అమెరికన్ సంఘం ఆష్రే సిఫార్సు 18 నుంచి 27 డిగ్రీలు, అదీ సర్వరు గాలి పీల్చుకునే ముఖం దగ్గర. గది మధ్యలో గోడకున్న థర్మామీటరు ఇందుకు పనికిరాదు. ఏసీ యూనిట్లకు వీఎఫ్‌డీ (ఫ్యాను వేగాన్ని మార్చే పరికరం) ఉంటే కొన్నిటిని ఆపి మిగతావాటిని పూర్తి వేగంతో నడపడం కన్నా, అన్నిటినీ తక్కువ వేగంతో నడపడం మేలు. ఫ్యాను వాడే విద్యుత్తు వేగపు ఘనాన్ని అనుసరిస్తుంది కాబట్టి వేగం 80 శాతానికి తగ్గితే ఖర్చు దాదాపు సగానికి పడిపోతుంది.

సమస్య: అదే లోడుకు చిల్లర్ ఏటికేడు ఎక్కువ కరెంటు తీసుకుంటోంది

ఎయిర్ కూల్డ్ చిల్లర్ మే నెలలో ఎక్కువ తీసుకోవడం సహజమే. ఆ పెరుగుదల ఏటికేడు మించిపోతుంటే చుట్టుపక్కల కట్టడాల దుమ్ము కాయిల్ రెక్కల మధ్య పేరుకుందేమో చూసి, ఎండలు ముదరకముందే కడిగించాలి. వాటర్ కూల్డ్ చిల్లర్ సంగతి వేరు. హైదరాబాద్ వేసవిలో ఎండ మండినా తేమ తక్కువ గనుక కూలింగ్ టవర్ బాగానే పనిచేయాలి. అప్పుడు కూడా కండెన్సర్‌లో శీతలకానికీ బయటికి వచ్చే నీటికీ మధ్య ఉష్ణోగ్రతా భేదం పెరుగుతూ పోతే గొట్టాల్లో సున్నపు పొర కట్టినట్టే. బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు వాడేచోట ఈ బెడద ఎక్కువ. గొట్టాలు శుభ్రం చేయించి, సాఫ్ట్‌నర్‌నూ (నీటి కాఠిన్యం తగ్గించే పరికరాన్నీ) బ్లోడౌన్‌నూ (లవణాలు పేరుకున్న టవర్ నీటిని బయటికి వదలడాన్నీ) సరిచేయాలి.

సమస్య: వానాకాలంలో పక్కపక్క ఏసీ యూనిట్లలో ఒకటి తేమ పెంచుతోంది, ఇంకొకటి తగ్గిస్తోంది

సెన్సర్లు తప్పుతున్నాయి. వాటిని కాలిబ్రేట్ చేసి, అన్ని యూనిట్లనూ ఒకే డ్యూ పాయింటు (గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత) ఆధారంగా నడిపించాలి.

సమస్య: యూపీఎస్ గది ఎప్పుడూ వేడిగా ఉంటోంది

రెండు యూపీఎస్‌లు చెరి కొంచెం లోడుతో నడుస్తున్నప్పుడు, ముఖ్యంగా పాత నమూనాల్లో, సామర్థ్యం పడిపోయి తేడా అంతా వేడిగా మారుతుంది. మాడ్యులర్ (విడివిడి భాగాలతో కూర్చిన) యూపీఎస్ అయితే అదనపు మాడ్యూళ్లను నిద్రావస్థలో ఉంచవచ్చు. ఏది ఆపినా మిగిలినవి పూర్తి లోడును మోయగలవని ముందే పరీక్షించి, ఆ పరీక్షను లోడు తక్కువగా ఉండే ఆదివారం రాత్రికి పెట్టుకోండి.