పెరట్లో ఆకాశం – 5వ పాఠం: కంటి ఎత్తుకు కుర్చీ

పోయిన పాఠం చివర మీకో పని అప్పజెప్పాను. చంద్రుడి మీద ఏదో ఒక పెద్ద గుంట ఎంచుకుని, టెలిస్కోప్ ఐపీస్ (కన్ను ఆనించి చూసే కటకం) దగ్గర నుంచి కదలకుండా పదిహేను నిమిషాలు దాన్నే చూడమన్నాను. చేసినవాళ్ళకు ఒక సంగతి ఈపాటికే అర్థమై ఉంటుంది. కన్ను అలిసేలోపే నడుం పట్టేస్తుంది. మెడ వంచి, మోకాళ్ళు సగం వంచి, ఒక చేత్తో గోడ పట్టుకుని నిలబడితే అయిదు నిమిషాలకే "చూసేశాంలే" అనిపిస్తుంది. నిజానికి చూడటం అప్పటికి మొదలే కాలేదు.

అందుకే ఈ పాఠంలో టెలిస్కోప్‌ను పక్కన పెట్టి కుర్చీ గురించి మాట్లాడుకుందాం. కొత్తగా టెలిస్కోప్ కొన్నవాళ్ళు వెంటనే ఇంకో ఐపీస్ కొందామనుకుంటారు. ఆ డబ్బుతో ముందు ఈ కుర్చీ చేయించుకోమంటాను నేను.

కారణం చెప్తాను. మన తలమీద ఉన్న గాలి ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. వేడి గాలి, చల్ల గాలి కలిసినచోట వెలుగు వంగుతుంది కాబట్టి ఐపీస్‌లో బొమ్మ నీటి అడుగున గులకరాయిలా అల్లాడుతుంది. మధ్యమధ్యలో ఒక్క క్షణం, ఒక్కోసారి రెండు క్షణాలు, గాలి నిలుస్తుంది. గురుగ్రహం మీద సన్నని చారలైనా, శని వలయాల మధ్య నల్లటి గీత అయినా ఆ క్షణంలోనే స్పష్టంగా పడతాయి. ఆ క్షణం ఎప్పుడొస్తుందో తెలియదు. అది వచ్చినప్పుడు మీ కన్ను అక్కడే ఉండాలి, మీ తల ఊగకుండా ఉండాలి. నిలబడి అది సాధ్యం కాదు.

నేను మొదటి రెండేళ్ళు నిలబడే చూశాను. మృగశిర దగ్గర, వేటగాడి (ఓరియన్) నడుంపట్టీలోని మూడు నక్షత్రాల కింద, మసకగా వెలిగే నెబ్యులా (వాయువు, ధూళి మేఘం) ఉంది కదా, దాని నడిబొడ్డున ట్రపీజియం అనే చిన్న నక్షత్రాల గుంపు ఉంటుంది. నాకు ఎప్పుడూ నాలుగే కనిపించేవి. అయిదోది నా టెలిస్కోప్‌కు అందదని తేల్చేసుకున్నాను. కుర్చీ చేయించుకున్న మొదటి చలికాలంలో, అదే డాబా మీద, అదే 10 మి.మీ. ఐపీస్‌తో, ఇరవై నిమిషాలు కూర్చున్నాక అయిదోది ఒక మిణుకులా వచ్చి పోయింది. మళ్ళీ వచ్చింది. టెలిస్కోప్ మారలేదు, నేను కూర్చున్నాను అంతే. ఆ రాత్రి నుంచి నిలబడి చూడటం మానేశాను.

మనం ఈ పాఠాల్లో వాడుతున్నది 6 అంగుళాల అద్దం, 1200 మి.మీ. నాభ్యంతరం (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటిదాకా ఉన్న దూరం) ఉన్న డాబ్సోనియన్, అంటే నేలమీద ఆనే సాదా పీఠం మీద తిరిగే అద్దాల టెలిస్కోప్. (25 మి.మీ. ఐపీస్‌తో 48 రెట్లు, 10 మి.మీ. ఐపీస్‌తో 120 రెట్లు.) 6 అంగుళాలు చిన్నదని చిన్నబుచ్చుకోకండి. విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు గారు 1874 డిసెంబర్ 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటడం గమనించింది 6 అంగుళాల టెలిస్కోప్‌తోనే. అది కటకాలది, మనది అద్దాలది, తేడా అంతే. ఆ దాటడం నాలుగు గంటలకు పైగా సాగింది. అంతసేపు ఒక్కదాన్నే పట్టుకుని చూడాలంటే ఎంత ఓపిక కావాలో ఆలోచించండి. (సూర్యుణ్ణి సరైన ఫిల్టర్ లేకుండా ఒక్క క్షణం కూడా చూడకూడదు. ఆ పాఠం వేరుగా వస్తుంది, అప్పటిదాకా పగటిపూట గొట్టానికి మూత పెట్టే ఉంచండి.)

ఇక కొలతలకు వద్దాం. మామూలు కుర్చీ ఎందుకు పనికిరాదు? డాబ్సోనియన్‌లో ఐపీస్ గొట్టం పైచివర దగ్గర ఉంటుంది. గొట్టం నిటారుగా లేచినకొద్దీ ఐపీస్ పైకి పోతుంది, వంచినకొద్దీ కిందికి దిగుతుంది. కుర్చీ కూడా దానితోపాటు లేవాలి, దిగాలి.

పగలే టేపు పట్టుకుని కొలవండి. గొట్టం వాలు తెలుసుకోవడానికి బడి పిల్లల జామెట్రీ బాక్సులోని కోణమానిని చాలు. దాని మధ్య చిల్లుకి దారం కట్టి, దారం చివర ఒక నట్టు వేలాడదీసి, గొట్టానికి ఆనించి చూడండి. నా టెలిస్కోప్‌లో గొట్టం నేల నుంచి 20 డిగ్రీల వాలులో ఉన్నప్పుడు ఐపీస్ ఎత్తు 73 సెం.మీ., 45 డిగ్రీలకు 94, 67 డిగ్రీలకు 107, నడినెత్తికి తిప్పితే 112. తర్వాత మీరు ఒక పీట మీద, చూసేటప్పుడు ఎలా ముందుకు వంగుతారో అలాగే కొద్దిగా వంగి కూర్చోండి. పీట నుంచి కంటిదాకా ఇంట్లో ఎవరితోనైనా కొలిపించండి. నాకు 70 సెం.మీ. వచ్చింది. ఐపీస్ ఎత్తులోంచి దీన్ని తీసేస్తే కుర్చీ ఎత్తు వస్తుంది.

తీసేసి చూడండి. నడినెత్తికి 42 సెం.మీ., బాగానే ఉంది. 45 డిగ్రీలకు 24, అదీ ఫరవాలేదు. 20 డిగ్రీలకు 3 సెం.మీ.! అంటే నేలమీద చతికిలబడాలి. ఇక్కడే చాలామంది కుర్చీ ఆలోచన వదిలేస్తారు. దీనికి మందు కుర్చీలో లేదు, టెలిస్కోప్ కింద ఉంది. 8 అంగుళాల ఎత్తున్న సిమెంట్ దిమ్మెలు మూడు తెచ్చి, టెలిస్కోప్ అడుగున ఉన్న మూడు కాళ్ళ కింద ఒక్కొక్కటి పెట్టండి. దిమ్మె ఊగితే కింద మట్టి సరిచేయండి. మొత్తం 20 సెం.మీ. పైకి లేస్తుంది, మన కుర్చీ 23 నుంచి 62 సెం.మీ. దాకా కదిలితే సరిపోతుంది. పిల్లలున్న ఇంట్లో మాత్రం టెలిస్కోప్‌ను దిమ్మెల మీద వదిలేసి లోపలికి వెళ్ళకండి.

కుర్చీ ఆకారం నిచ్చెనలాంటిది. 3 అంగుళాల వెడల్పు, ఒకటిన్నర అంగుళం మందం ఉన్న కర్రలు తీసుకోండి. టేకు దొరికితే మంచిదే, లేకపోతే బాగా ఎండిన వేప చాలు. పచ్చి కర్ర మాత్రం వద్దు, ఎండాకాలానికి మెలి తిరుగుతుంది. 90 సెం.మీ. పొడవున నాలుగు, 75 సెం.మీ. పొడవున రెండు కోయించండి. 75వి రెండూ నేలమీద ఆనే అడుగు కర్రలు. 90వి రెండు ముందు నిలువు కర్రలు, మిగతా రెండు వెనక కాళ్ళు.

నిలువు కర్రలు నిటారుగా కాకుండా, పైకి పోయేకొద్దీ 15 డిగ్రీలు వెనక్కి వాలాలి. వాటి పైచివర వెనక కాళ్ళు 8 మి.మీ. బోల్టులతో కలుస్తాయి, పక్క నుంచి చూస్తే ఏటవాలు గుడారంలా ఉంటుంది. రెండు నిలువు కర్రల బయటి అంచుల మధ్య 26 సెం.మీ. ఉంచి, పైన ఒక అడ్డకర్ర, వెనక కాళ్ళ మధ్య ఇంకోటి బిగించండి. అడుగు కర్రలు నిలువు కర్రల మొదలు కంటే 25 సెం.మీ. ముందుకు పొడుచుకు రావాలి.

ఈ 25 సెం.మీ. గురించి కాస్త ఆగి చెప్పాలి. నా మొదటి కుర్చీకి ఇది లేదు. చోటు కలిసొస్తుందని అడుగు కర్రల్ని నిలువు కర్రల దగ్గరే కోయించాను. కూర్చునే పలక నిలువు కర్రలకు ముందు గాల్లో ఉంటుంది కదా, కింది మెట్టు మీద పెట్టుకుని ఐపీస్ కోసం ముందుకు వంగగానే కుర్చీ మొత్తం నాతోపాటు ముందుకు ఒరిగింది. మోకాలు దిమ్మెకు తగిలి వారం రోజులు కుంటాను. గొట్టానికి సొట్ట పడింది, అద్దానికి ఏమీ కాలేదు. మనిషి బరువు ఎప్పుడూ అడుగు కర్రల కొసకు లోపలే పడాలి. ఈ ఒక్క కొలత మాత్రం దయచేసి తగ్గించకండి.

ఇప్పుడు కూర్చునే పలక. 40 సెం.మీ. వెడల్పు, 28 సెం.మీ. లోతు. దాని కింద రెండు పక్కలా 18 మి.మీ. ప్లైవుడ్‌తో ముక్కోణపు పలకలు వస్తాయి. అవి నిలువు కర్రలకు బయటి వైపు నుంచి, రాసుకోకుండా జారేంత సందుతో ఉండాలి. ఈ పక్క పలకల్ని కలుపుతూ రెండు అడ్డాలు వేయాలి. పైది 12 మి.మీ. ఇనుప కడ్డీ, నిలువు కర్రల వెనక నుంచి పోతుంది. కిందిది కర్ర, కడ్డీకి 15 సెం.మీ. దిగువన, నిలువు కర్రల ముందు నుంచి పోతుంది. మీరు కూర్చోగానే పలక ముందంచు కిందికి దిగాలని చూస్తుంది. అప్పుడు పైకడ్డీ వెనక నుంచి కర్రను ముందుకు లాగుతుంది, కింది అడ్డం ముందు నుంచి వెనక్కి నొక్కుతుంది. మీ బరువే దాన్ని బిగిస్తుంది. మరమేకు గానీ తాళం గానీ అక్కర్లేదు.

కొందరు ఈ పట్టునే నమ్ముకుని వదిలేస్తారు. మంచు పడి కర్ర తడిస్తే జారుతుంది. అందుకని నిలువు కర్రల ముందు ముఖాన అయిదేసి సెం.మీ. ఎడంతో 2 సెం.మీ. మందం పట్టీలు మెట్లలా స్క్రూలతో బిగించండి, తొమ్మిది మెట్లు చాలు. కింది అడ్డం ఆ మెట్టు మీద కూర్చుంటుంది. వెనక కడ్డీకి పంక్చర్ షాపులో దొరికే పాత సైకిల్ ట్యూబు తొడిగితే చప్పుడు రాదు. ఎత్తు మార్చాలంటే లేచి నిలబడి, పలక ముందంచును కొంచెం పైకెత్తి, కావలసిన మెట్టు దాకా జరిపి వదలడమే. చీకట్లో ఒక్క చేత్తో అయిపోతుంది.

పక్క పలకల వాలు కోయడం దగ్గర వడ్రంగులు కూడా తడబడతారు. లెక్కలు వద్దు. ముందు చట్రం పూర్తిచేసి, దానికి అట్టముక్క ఆనించి గీత గీయండి, అట్టనే కత్తిరించి సరిచూసి, దాన్ని ప్లైవుడ్ మీద పెట్టి కోయండి. పలక సమంగా ఉందో లేదో దాని మీద సగం నీళ్ళున్న సీసా పడుకోబెడితే తెలిసిపోతుంది. వెనక్కి ఒక వేలు వాలు ఉన్నా నష్టం లేదు, ముందుకు మాత్రం ఉండకూడదు. మీరు కూర్చునేముందు 25 కేజీల బియ్యం బస్తాలు రెండు ప్రతి మెట్టు మీదా పెట్టి చూడండి. కర్ర కిర్రుమన్నచోట మళ్ళీ బిగించండి.

కుర్చీ ఎక్కడ వేయాలి? పెరట్లో మట్టి నేల ఉంటే అక్కడే. డాబా పగలంతా ఎండ తాగి అర్ధరాత్రి దాకా వేడి వదులుతూనే ఉంటుంది, ఆ వేడి మన బొమ్మను అల్లాడిస్తుంది. డాబా తప్ప గతి లేనివాళ్ళు రాత్రి పది దాటాక మొదలుపెట్టండి. కూర్చున్నాక ఇరవై ముప్పై నిమిషాలు ఫోన్ ముట్టుకోకండి, కన్ను చీకటికి పూర్తిగా అలవాటుపడటానికి అంత సమయం పడుతుంది. టార్చికి ఎర్ర గుడ్డ రెండు మడతలు కట్టండి. చెవులకు మఫ్లర్, కాళ్ళ మీద దుప్పటి మరిచిపోవద్దు.

మసక వస్తువుల్ని ఓరచూపుతో చూడాలి. సూటిగా చూస్తే మాయమయ్యే మసక, చూపు కాస్త పక్కకు జరిపితే తేలుతుంది. కంటి మధ్యభాగం కంటే దాని చుట్టూ ఉన్న భాగానికి చీకట్లో చూపు ఎక్కువ. నిలబడి ఊగుతూ ఓరచూపు నిలపడం ఎంత కష్టమో కూర్చున్నాక మీకే తెలుస్తుంది.

ఈ వారం సాధన. జనవరి మొదట్లో రాత్రి పదింటికి హైదరాబాదులో రోహిణి దాదాపు నడినెత్తిన ఉంటుంది. కుర్చీని పైమెట్టుకు పెట్టి ముందు దాన్ని పట్టుకోండి, ఎర్రటి నారింజ రంగు చుక్క. కాళ్ళు నేలకు అందకపోతే అడుగు కర్రల మీద పెట్టుకోండి. పదకొండుకి వేటగాడి నెబ్యులా దక్షిణాన 67 డిగ్రీల ఎత్తుకు వస్తుంది, కుర్చీని ఒక మెట్టు దించండి. 25 మి.మీ. ఐపీస్‌తో మొదలుపెట్టి, పావుగంట తర్వాతే 10 మి.మీ.కి మారండి. జనవరి చివర పదింటికి దక్షిణాన అగస్త్యుడు (కనోపస్ నక్షత్రం) 20 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, కింది మెట్టుకు పరీక్ష అదే. డాలస్‌లో ఉన్న మన పాఠకులకు అగస్త్యుడు దిగంతానికి నాలుగైదు డిగ్రీలు మాత్రమే పైన ఉంటాడు, చెట్లు లేని చోటు వెతుక్కోవాలి. న్యూజెర్సీ వాళ్ళకు అసలు ఉదయించడు, వాళ్ళు రోహిణి దగ్గరే ఎక్కువసేపు కూర్చోండి.

ఒక నోటుపుస్తకంలో ప్రతిదానికీ మెట్టు నంబరు, కూర్చున్న సమయం, మొదటి అయిదు నిమిషాల్లో ఏం కనిపించింది, ఇరవయ్యో నిమిషానికి ఏం కనిపించింది రాసుకోండి. ట్రపీజియంలో ఎన్ని లెక్కపెట్టారో తప్పకుండా రాయండి.

ఆరో పాఠంలో పెళ్ళిపందిట్లో అందరికీ చూపించే అరుంధతి, వశిష్ఠుల జంటకు వెళ్దాం. అందులో వశిష్ఠుడు ఒక్కడు కాదు, టెలిస్కోప్‌లో ఇద్దరు. మార్చిలో వాళ్ళు రాత్రి మొదట్లోనే ఈశాన్యాన లేస్తారు కాబట్టి కుర్చీ కింది మెట్టు అప్పటికి సిద్ధంగా ఉంచండి.