పాత బండి పార్ట్ దేనిదో తెలీట్లేదా? ముందు కడగండి, తర్వాత వెర్నియర్ (కొలిచే స్కేలు) తీయండి

హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లోనో పుత్లీబౌలీలోనో కొన్న సామాన్లోంచి ఒక ముక్క తీసి, దాని మీదున్న గ్రీజుతో సహా ఫోటో కొట్టి "అన్నా ఇది ఏ బండిది" అని పంపిస్తారు. పక్కన స్కేలు ఉండదు, వెనక వైపు ఫోటో ఉండదు. ముందు కిరోసిన్‌లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి, టార్చ్ పక్క నుంచి వేసి చూడండి, ఎదురుగా వేస్తే అరిగిన అక్షరాలు కనబడవు. చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి. కడిగాక కూడా తెలీకపోతేనే కిందిది చదవండి.

నంబర్ ఉంది, కొడితే ఏదేదో వస్తోంది

6204, 6304 లాంటిదైతే అది బేరింగ్ నంబర్, బండి నంబర్ కాదు. చివరి 04ని 5తో గుణిస్తే లోపలి హోల్ 20 మి.మీ., అంతే, అది గ్రైండర్ మోటార్‌లో కూడా ఉంటది. అల్యూమినియంలో ఉబ్బెత్తుగా పోత పోసి ఉన్న నంబరైతే చాలాసార్లు అది అచ్చు నంబర్, ఒకే పోతని రెండు మూడు మోడళ్ళకి వేరేవేరేగా మెషినింగ్ చేస్తారు. యమహా వాళ్ళ పార్ట్ నంబర్‌లో మొదటి మూడు అక్షరాలు మోడల్ కోడే కానీ, ఆ ముక్క మొదట ఏ మోడల్ కోసం తయారైందో చెప్తుంది, మీ చేతిలోది ఏ బండిలోంచి ఊడిందో చెప్పదు.

పిస్టన్ కొలిస్తే రెండు బండ్లకి సరిపోతోంది

ఓవర్‌సైజ్, అంటే సిలిండర్ అరిగాక బోర్ పెంచి వేసే పెద్ద పిస్టన్, దాన్ని మర్చిపోయారు. స్టాండర్డ్ బోర్లు (సిలిండర్ వ్యాసాలు, మి.మీ.లో) చూసుకోండి: ఆర్‌ఎక్స్ 100కి 50, ఆర్‌డీ 350కి 64, జావా యెజ్డీ 250కి 65, బుల్లెట్ 350కి 70. ఆర్‌డీకి 1.00 ఓవర్‌సైజ్ వేస్తే 65 దగ్గరికొచ్చి యెజ్డీలాగే కనబడుతుంది. పైన ముద్ర చూడండి, పిన్ను వ్యాసం కొలవండి. ఆర్‌డీది రీడ్ వాల్వ్ ఇంజన్ కాబట్టి స్కర్ట్‌కి (పిస్టన్ కింది గోడకి) కిటికీలుంటాయి.

బోల్టు రెండు చుట్లు తిరిగి పట్టేస్తోంది, లేదా చక్కగా ఎక్కేసింది కానీ బండి తేలట్లేదు

ఇదీ అసలు తలనొప్పి. 5/16 అంగుళం అంటే 7.94 మి.మీ., ఎం8 అంటే 8.00. అరిగిన బోల్టు మీద ఆ తేడాని వెర్నియర్‌తో పట్టుకోలేరు, అందుకే త్రెడ్ గేజ్ (త్రెడ్ పళ్ళ మధ్య దూరం చూసేది) పెట్టాలి. ఎం8 పిచ్ 1.25, అంటే అంగుళానికి ఇరవై చిల్లర పళ్ళు. 5/16లో పాత బ్రిటిష్ త్రెడ్‌లు చూస్తే, విట్‌వర్త్ అయితే 18, బీఎస్‌ఎఫ్ 22, సైకిల్ త్రెడ్ 26. పాత బ్రిటిష్ లైన్ బండ్లలో ఇవి కలిసి ఉంటాయి, జావా మొత్తం మెట్రిక్ (మి.మీ. లెక్క). హెక్స్ తలకి 13 స్పానర్ ఎక్కక 14 తిరిగిపోతుంటే 1/4 విట్‌వర్త్ సైజు తల అని అనుమానించండి.

ఇంతవరకు అందరికీ తెలిసిందే. మోసం ఎక్కడంటే, త్రెడ్ పోయినప్పుడు మన మెకానిక్‌లు బీఎస్‌ఎఫ్ ట్యాప్ (హోల్‌లో త్రెడ్ కోసే పనిముట్టు) కోసం ఎదురు చూడరు, చేతికందిన ఎం8 ట్యాప్ దింపేస్తారు, 5/16 హోల్‌లో అది దాదాపు డ్రిల్ అక్కర్లేకుండానే వెళ్ళిపోతుంది. ఇరవై ముప్పై ఏళ్ళ తర్వాత ఆ ముక్క మీ చేతికొస్తుంది, మీరు గేజ్ పెడతారు, ఎం8 అని వస్తుంది, ఇంకేముంది మెట్రిక్ కాబట్టి యెజ్డీ అని డిసైడైపోతారు. ఒక కుర్రాడు ఇలాగే ఇన్‌టేక్ ఫ్లాంజ్ (కార్బురేటర్ బిగించే ముక్క) ఒకటి పట్టుకుని యెజ్డీ వాళ్ళందరి దగ్గరికీ తిరిగాడు, ప్రతి ఒక్కళ్ళూ మాది కాదన్నారు, వాళ్ళు చెప్పింది కరెక్టే.

ఏం చేయాలంటే త్రెడ్‌ని నమ్మకండి, హోల్స్ మధ్య దూరాన్ని నమ్మండి. త్రెడ్ ఎన్నిసార్లయినా మారుద్ది, సెంటర్లు మారవు. రెండు హోల్స్‌లో ఒకే సైజు డ్రిల్ బిట్లు బిర్రుగా దూర్చి, బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలిచి, ఒక బిట్ వ్యాసం తీసెయ్యండి. 38.1, 50.8 లాంటి అంగుళాల లెక్క వస్తే గీసినోడు అంగుళాల్లో గీశాడు, 40, 50, 60 వస్తే మిల్లీమీటర్లలో. ఆ కుర్రాడిది 50.8 వచ్చింది, ఆమల్ మోనోబ్లాక్ 376 అనే పాత బ్రిటిష్ కార్బురేటర్ ఫ్లాంజ్ స్టడ్‌ల దూరం సరిగ్గా అదే. ఒకే జత కొలిచి ఆగిపోవద్దు, రెండు మూడు జతలు చూడండి, ఒక్కోసారి యాదృచ్ఛికంగా కూడా కుదురుద్ది. ఎవరూ విప్పని మూలలో చిన్న ప్లగ్ ఉంటే దాని త్రెడ్ కూడా చూడండి, దాని జోలికి ట్యాప్ వెళ్ళి ఉండదు. అంగుళాలని తేలినంత మాత్రాన బుల్లెట్టే అనుకోకండి, బీఎస్‌ఏ, ట్రయంఫ్ కూడా లైన్లో ఉంటాయి.

పంపుసెట్ ముక్క, జనరేటర్ ముక్క, డీజిల్ బుల్లెట్ ముక్క, లేత్ షాప్‌లో ఎవరో సొంతంగా చేయించుకున్నది, ఇవన్నీ ఉంటాయి కానీ అరుదు, మొదట్లోనే వాటి వెంట పడకుండా లైట్ తీస్కోండి. అప్పటికీ తేలకపోతే సెంటర్లు, హోల్ సైజులు, మందం, అయస్కాంతం పట్టిందా లేదా, రెండు వైపులా ఫోటోలు, ఇవి పెట్టి అడగండి. ఉత్త ఫోటో పెడితే నేనైతే జవాబివ్వను.